కంప్యూటర్ మొరాయిస్తే ఆన్‌లైన్ చర్చా బృందాల్లో సాయం అడగడం: ప్రశ్న రాయడం నుంచి జవాబు అమలు చేసే దాకా

గుంటూరు అరండల్‌పేటలో మా తోడల్లుడు ఒక చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నారు. శ్రావణ మాసం ముహూర్తాలకు శుభలేఖల పని ముంచుకొచ్చిన వారంలోనే ఆయన ప్రధాన కంప్యూటర్ పని మధ్యలో ఠక్కున ఆగిపోవడం మొదలుపెట్టింది. దగ్గర్లోని రిపేరు దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాల్సిందేనన్నారు. ఆ ఖర్చుకు జంకి, ఆయన ఫోన్లోంచే ఒక ఆన్‌లైన్ చర్చా బృందంలో "నా సిస్టం ఆఫ్ అయిపోతోంది, చాలా అర్జంటు, దయచేసి సాయం చేయండి" అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. రెండు రోజుల్లో దానికి వచ్చిన స్పందన "ఏ సిస్టం?" అన్న ఒక్క ముక్క. ఆదివారం నేను విజయవాడ నుంచి వెళ్లినప్పుడు ఇద్దరం కూర్చొని అదే ప్రశ్నను అదే బృందంలో మళ్లీ రాశాం. రాయడానికి గంట పైనే పట్టింది, జవాబు మాత్రం ఆ రాత్రికే వచ్చింది.

ఆ రోజు మేం ఏం చేశామో, ఎందుకు చేశామో మీరు కూడా చేసుకోగలిగేలా వివరంగా చెప్పడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. ఇలాంటి బృందాల్లో జవాబిచ్చేవారిలో ఎక్కువమంది జీతం తీసుకోకుండా, తమ తీరిక సమయంలో, ఇష్టంతో చేసేవారు. మీ యంత్రం వారికి కనిపించదు, దాని చప్పుడు వినిపించదు, దాని వేడి చేతికి తగలదు. నాడి పట్టుకునే వీలు లేని వైద్యుడికి ఉత్తరంలో జబ్బు వివరిస్తే ఎంత జాగ్రత్తగా రాస్తామో, ఇక్కడా అంత జాగ్రత్త అవసరం.

ముందుగా ఫైళ్లను భద్రపరచుకోండి

యంత్రం ఇంకా ఆన్ అవుతూనే ఉంటే, ప్రశ్న రాయడానికి ముందే ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో, బయటి హార్డ్ డిస్కులోకో కాపీ చేసుకోండి. రేపు ఎవరైనా విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని సలహా ఇస్తే, నిశ్చింతగా ఆ పని చేయగలిగే స్థితిలో మీరుండాలి. హార్డ్ డిస్కు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం దానిపై మరమ్మతు ప్రోగ్రాములేవీ నడపవద్దు. అరిగిపోయిన డిస్కు మొత్తాన్ని ఒక ప్రోగ్రాము చివరి దాకా చదివితే, మిగిలిన కొద్దిపాటి ప్రాణం కూడా పోవచ్చు. అలాంటప్పుడు యంత్రాన్ని ఆపేసి, వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ప్రశ్న రాయండి. లోపల ఉన్న ఫైళ్లు మీకు ఎంత ముఖ్యమో మొదటి వాక్యంలోనే చెప్పండి.

యంత్రం వివరాలు సేకరించడం

విండోస్ గుర్తున్న కీని, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో విన్‌వర్ (winver) అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ నొక్కితే, మీది విండోస్ 10 అయినా 11 అయినా దాని ఖచ్చితమైన వెర్షను కనిపిస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, మీది ఏదన్న దాన్ని బట్టి జవాబు మారవచ్చు. అదే పెట్టెలో ఎంఎస్ఇన్‌ఫో32 (msinfo32) అని టైపు చేస్తే ప్రాసెసర్, ర్యామ్, కంపెనీ, మోడల్, బయోస్ (యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) వెర్షను అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఆ తెరలో కంప్యూటర్ పేరు, వాడుకరి పేరు కూడా ఉంటాయి కనుక, దాన్ని ఫొటో తీసి మొత్తంగా పెట్టకుండా, కావలసిన వరుసలను మాత్రమే చూసి రాసుకోండి.

అసెంబుల్ చేయించిన యంత్రమైతే మోడల్ పేరు ఉండదు. అప్పుడు మదర్‌బోర్డు పేరు, పవర్ సప్లై ఎన్ని వాట్లది, ఎన్నేళ్ల క్రితం కొన్నది, ఈమధ్య ఏ భాగం మార్చారు అన్న వివరాలు రాయాలి. బిల్లు దాచుకుని ఉంటే అందులో ఇవి చాలావరకు దొరుకుతాయి. పాత బిల్లును పారేయవద్దని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఒక పదం విషయంలో మనవాళ్లు తప్పకుండా జాగ్రత్తపడాలి. విజయవాడ గవర్నర్‌పేటలో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా, బల్ల కింద ఉండే ఇనుప పెట్టె మొత్తాన్ని మనం సీపీయూ అంటాం. బయటి దేశాలవారికి సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్ చిప్పు మాత్రమే. "సీపీయూ శుభ్రం చేయించాను" అని మీరు రాస్తే, చిప్పును ఊడదీసి తుడిచారని వారు అనుకుంటారు, చర్చ పూర్తిగా వేరే దారి పడుతుంది. పెట్టెను క్యాబినెట్ అనో, కేస్ అనో రాయండి. "హ్యాంగ్ అయింది", "స్ట్రక్ అయింది", "లేవడం లేదు" అన్న మాటలు కూడా మనకు మనకే అర్థమయ్యేవి. వాటి బదులు జరిగిన సంగతిని రాయండి: మౌసు బాణం కదులుతోందా, క్యాప్స్ లాక్ కీ నొక్కితే దీపం వెలుగుతోందా, పాట నడుస్తుంటే అది ఆగిందా, అదే ముక్క పదే పదే వినిపిస్తోందా.

లక్షణాన్ని కళ్లకు కట్టించడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. "కంప్యూటర్ ఆన్ కావడం లేదు" అన్న ఒక్క వాక్యం కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. బటన్ నొక్కినా ఫ్యాను తిరగదు, దీపం వెలగదు అంటే విద్యుత్తు వైపు చూడాలి. ఫ్యాను తిరిగి తెర నల్లగా ఉంటే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ తీగ వైపు చూడాలి. కంపెనీ గుర్తు వచ్చి అక్కడే ఆగిపోతే డిస్కునో విండోస్‌నో అనుమానించాలి. పాస్‌వర్డు కొట్టిన తర్వాత నల్లబడితే డ్రైవర్ (ఒక భాగాన్ని విండోస్‌తో కలిపి పనిచేయించే చిన్న ప్రోగ్రాము) గొడవ కావచ్చు. మీది ఈ నాలుగింటిలో ఏదో చెప్పకపోతే, చదివేవారు నాలుగు దారులూ ఊహించుకోవాలి. అంత ఓపిక లేనివారు మరో ప్రశ్నకు వెళ్లిపోతారు.

మా తోడల్లుడి యంత్రం దగ్గర మేం చేసింది ఇది. ఒక తెల్ల కాగితం, గడియారం పెట్టుకొని యంత్రాన్ని ఆన్ చేశాం. సరిగ్గా ఇరవై ఒక్క నిమిషాలకు ఆగింది. ఆగేటప్పుడు "షటింగ్ డౌన్" అన్న మాట తెర మీద రాలేదు. ఫ్యానుతో సహా అన్నీ ఒక్క క్షణంలో ఆగాయి. వెంటనే బటన్ నొక్కితే రెండు నిమిషాల్లోనే మళ్లీ ఆగింది. మధ్యాహ్నం భోజనం చేసి, గంట తర్వాత ఆన్ చేస్తే మళ్లీ ఇరవై నిమిషాలు నడిచింది. శుభలేఖలు కూర్చే కోరల్‌డ్రా ప్రోగ్రాములో పెద్ద ఫైలును పీడీఎఫ్‌గా మారుస్తుంటే మాత్రం ఎనిమిదో నిమిషంలోనే పోయింది. అప్పటి దాకా ఆయన చెప్పినది "ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది" అని. కాగితం మీద అంకెలు పడ్డాక, దానికి ఒక క్రమం ఉందని ఆయనకే తెలిసింది.

విండోస్ తానే రాసుకునే దినచర్య కూడా ఒకటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే, ఏ రోజు ఏ ప్రోగ్రాము పడిపోయిందో ఎర్ర గుర్తులతో చూపే తెర వస్తుంది. ఇంకొంచెం లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టం అన్న విభాగంలో ఆగిన సమయం దగ్గర ఏమున్నదో చూడండి. అక్కడ కెర్నల్-పవర్ పేరుతో 41 అంకె కనిపిస్తే, యంత్రం సవ్యంగా మూసుకోకుండా అర్ధాంతరంగా ఆగిందని మాత్రమే దాని అర్థం. చాలామంది ఆ అంకెనే కారణం అనుకొని దానిమీదే ప్రశ్న వేస్తారు, కానీ అది జరిగినదాన్ని చెబుతుంది తప్ప ఎందుకు జరిగిందో చెప్పదు.

తెర మీద లోపాన్ని తెలిపే సందేశం వస్తే దాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి రాయవద్దు. విండోస్ చూపే మామూలు సందేశపు పెట్టె ముందున్నప్పుడు కంట్రోల్, సి కీలను కలిపి నొక్కితే, ఆ పెట్టెలోని మాటలన్నీ కాపీ అవుతాయి. నోట్‌ప్యాడ్ తెరిచి అతికించుకోవచ్చు. ఇది తెలిసినవారు తక్కువ కానీ ఎంతో పనికొస్తుంది. విండోస్, షిఫ్ట్, ఎస్ కీలను కలిపి నొక్కితే తెరలో కావలసిన భాగాన్ని మాత్రం బొమ్మగా తీసుకోవచ్చు. విండోస్ పూర్తిగా ఆగిపోయి నీలి తెర వచ్చి కీబోర్డు పనిచేయనప్పుడు ఫోన్‌తో ఫొటో తీయక తప్పదు. అప్పుడు ఫ్లాష్ ఆపి, కొంచెం పక్క నుంచి తీసి, స్టాప్ కోడ్ అన్న మాట ఎదురుగా ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి కూడా పెట్టండి. బొమ్మలోని అక్షరాలు వెతికేవారికి దొరకకపోవచ్చు, టైపు చేసినవి తప్పక దొరుకుతాయి.

అడిగే ముందు వెతకడం

సందేశాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే, సరిగ్గా ఆ వరుసలో ఉన్న మాటలకే ఫలితాలు వస్తాయి. మీ కంప్యూటర్‌కు మాత్రమే చెందిన ఫోల్డర్ పేర్లు, మీ పేరు అందులోంచి తీసేయండి. ఇప్పటికే ఎవరో అడిగి జవాబు పొందిన ప్రశ్న దొరికితే, దాని తేదీ చూసి గానీ అమలు చేయవద్దు. విండోస్ 7 కాలం నాటి చిట్కా ఇప్పుడు హాని చేయవచ్చు. దొరికినది ప్రయత్నించి ఫలితం లేకపోతే ఆ సంగతి ప్రశ్నలో రాయాలి, ఎందుకంటే అదే సలహా మీకు మళ్లీ వస్తుంది.

ఎక్కడ అడగాలి

సాధారణ వినియోగదారుల హార్డ్‌వేర్, విండోస్ సమస్యలకు 2009లో మొదలైన సూపర్ యూజర్ అనే ప్రశ్న-జవాబుల వెబ్‌సైటు బాగుంటుంది. ఉబుంటు వాడేవారికి ఆస్క్ ఉబుంటు ఉంది. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రోగ్రాములు రాసేవారిది. ప్రింటర్ కాగితం లాగడం లేదని అక్కడ అడిగితే ప్రశ్న మూసేస్తారు, అందులో వారి తప్పేమీ లేదు. మైక్రోసాఫ్ట్‌కు, పెద్ద ప్రింటర్, ల్యాప్‌టాప్ కంపెనీలకు సొంత చర్చా వేదికలున్నాయి. ఒక మోడల్‌కే పరిమితమైన లోపమైతే అక్కడే ముందు అడగాలి. రెడ్డిట్‌లోని టెక్‌సపోర్ట్ విభాగంలో నియమాలు కొంచెం సడలింపుగా ఉంటాయి కాబట్టి కొత్తవారికి అది సులువు.

ఊళ్లోవాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలను కూడా నేను తక్కువ చేయను. ఫలానా ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల దొరుకుతుందా, ఫలానా టోనర్ ఎవరి దగ్గరుంది అన్నది వారికే తెలుస్తుంది. కానీ లోపం వెతికే పనికి అవి సరిపోవు, ఎందుకంటే మీ ప్రశ్న అరగంటలో శుభోదయాల కింద, పెళ్లి ఫొటోల కింద పడి కనిపించకుండా పోతుంది.

ఒకే ప్రశ్నను ఒకేసారి పది చోట్ల వేయవద్దు. ఒక చోట జవాబు దొరికిన సంగతి తెలియక మిగతా తొమ్మిది చోట్లవారు శ్రమపడతారు. రెండు రోజులు చూసి, రెండో చోటికి వెళ్లేటప్పుడు మొదటి ప్రశ్న లంకెను అందులో ఇవ్వండి. వేళ కూడా ఆలోచించండి. జవాబిచ్చేవారిలో అమెరికావారు ఎక్కువగా ఉన్న చోట, మన సాయంత్రం వేసిన ప్రశ్న వారు ఉదయం కళ్లు తెరిచేసరికి పైనే ఉంటుంది. న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది.

ప్రశ్నను కూర్చడం

శీర్షికలో "హెల్ప్", "అర్జంట్" అన్న మాటలకు చోటివ్వవద్దు. మీ తొందర మీకు నిజమే, కానీ ఆ మాట చూసి ఎవరూ లోపాన్ని గుర్తించలేరు. శీర్షిక చదవగానే యంత్రం, లక్షణం, సందర్భం తెలియాలి. మేం ఆ రోజు ఇంగ్లీషులో పెట్టిన ప్రశ్నకు ముందు తెలుగులో రాసుకున్న చిత్తుప్రతి ఇలా ఉంది:

"డెస్క్‌టాప్ ఇరవై నిమిషాలకు హఠాత్తుగా ఆగుతోంది; వెంటనే ఆన్ చేస్తే రెండు నిమిషాల్లోనే మళ్లీ ఆగుతోంది. అసెంబుల్ చేయించినది, ఇంటెల్ కోర్ ఐ5 ఆరో తరం, ర్యామ్ 8 జీబీ, విండోస్ 10. ప్రాసెసర్‌తో వచ్చిన ఫ్యానే ఉంది. షట్ డౌన్ తెర రాకుండా ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. పెద్ద ఫైలును పీడీఎఫ్ చేస్తుంటే ఎనిమిది నిమిషాలకే ఆగింది. గంట విరామం ఇస్తే మళ్లీ ఇరవై నిమిషాలు నడుస్తుంది. పది రోజుల క్రితం క్యాబినెట్‌ను బ్లోయర్‌తో దుమ్ము దులిపించాం, ఆ మర్నాటి నుంచే మొదలైంది. వేరే ప్లగ్గులో, యూపీఎస్ లేకుండా కూడా ప్రయత్నించాం, తేడా లేదు. మదర్‌బోర్డు మార్చాలని ఒకరు అన్నారు. అంతకు ముందు ఏ భాగాన్ని, ఎలా పరీక్షించుకోవాలో చెప్పగలరా?"

ఇందులో మూడు సంగతులు గమనించండి. జరిగినది, మేం చేసినది, వేరేవారి అభిప్రాయం విడివిడిగా ఉన్నాయి. దుమ్ము దులిపించిన సంగతి ఆయన మొదట రాయనన్నారు, "అది వేరే, దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. చివరికి లోపం అక్కడే దొరికింది. ఏది సంబంధమో తేల్చే పని జవాబిచ్చేవారికి వదిలేసి, లోపం మొదలైన రోజుకు అటూ ఇటూ జరిగిన ప్రతి మార్పునూ రాయండి: కొత్త ప్రింటర్, విండోస్ అప్‌డేట్, ఉరుములు, కరెంటు పోయి రావడం, ఇల్లు మారడం. మూడోది చివరి వాక్యం. "ఏం చేయమంటారు" అని వదిలేయకుండా, జవాబు ఇవ్వదగిన ఒక ప్రశ్నతో ముగించాం.

ఇంగ్లీషు బాగా రాకపోయినా వెనుకాడవద్దు. ముందు తెలుగులో చిన్న చిన్న వాక్యాలుగా రాసుకొని, ఒక్కో వాక్యాన్ని విడిగా అనువదింపజేసుకోండి. పొడవైన తెలుగు వాక్యాన్ని అనువాద యంత్రానికి ఇస్తే కర్త తారుమారై, ఆగిపోయింది కంప్యూటరో మీరో తెలియకుండా పోతుంది.

తెలుగు అక్షరాల సమస్య అయితే

మన ముద్రణ పనివారికి ఎదురయ్యే ఈ ఒక్కదాన్ని బయటివారికి ప్రత్యేకంగా వివరించాలి. 'అను' అన్న పేరుగల తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాత శుభలేఖను వేరే ప్రోగ్రాములో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. ఫైలు చెడిపోలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే ప్రమాణం) పద్ధతివి కావు. లోపల నిల్వ ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలే, ఆ ఫాంటు ఉన్నంతవరకే అవి తెలుగులా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు వేరే స్థానాలే ఉన్నాయి. ఈ నేపథ్యం రెండు వాక్యాల్లో చెప్పకపోతే, విదేశీ మిత్రులు పాపం మీకు భాషా ప్యాక్ ఇన్‌స్టాల్ చేయమని చెప్పి ఊరుకుంటారు. తెలుగు టైపింగు, ఫాంట్లు, కీబోర్డుల ప్రశ్నలకు తెలుగు వికీపీడియా రచ్చబండలో (సభ్యుల చర్చా పేజీలో) అనుభవజ్ఞులు ఉంటారు, అక్కడ తెలుగులోనే అడగవచ్చు.

జవాబులు వచ్చాక

మొదటి గంటల్లో అందుబాటులో ఉండండి. ప్రశ్న వేసి మూడు రోజులు మాయమైతే, ఎదురు ప్రశ్న అడిగిన మనిషి ఆసక్తి పోతుంది. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, ఫలితం రాసి, తర్వాతి దానికి వెళ్లండి. ముగ్గురు చెప్పిన మూడు పనులను ఒకేసారి చేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, పాడైనా తెలియదు.

కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెరలో టైపు చేయమని ఎవరైనా ఆదేశం ఇస్తే, అది ఏం చేస్తుందో వారినే అడగండి లేదా విడిగా వెతికి చూడండి. విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ లాంటివి సురక్షితమే. డిస్కులను విభజించే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాములో క్లీన్ అన్న ఒక్క మాట మాత్రం ఎంచుకున్న డిస్కు విభజనలన్నింటినీ తుడిచేస్తుంది. రెండింటినీ టైపు చేయడానికి పట్టే శ్రమ ఒక్కటే కాబట్టి, ముందు అర్థం తెలుసుకోవడం తప్పనిసరి. మరొకరు అదే బృందంలో ఆ సలహాను సమర్థించే దాకా ఆగడం నా అలవాటు.

బహిరంగ చర్చ వదిలి వ్యక్తిగత సందేశంలోకి రమ్మనేవారిని, దూరం నుంచి మీ తెరను చూసే యాప్ ఇన్‌స్టాల్ చేయమనేవారిని, ఫీజు అడిగేవారిని దూరం పెట్టండి. నలుగురి ముందు చెప్పలేని మరమ్మతు సలహా అంటూ ఉండదు. పాస్‌వర్డు, ఓటీపీ, ఆధార్, విండోస్ ప్రొడక్ట్ కీ ఏ జవాబుకూ అవసరం లేదు. పొరపాటున అలాంటివారికి యంత్రం అప్పగించి డబ్బు పోతే, ముందు ఇంటర్నెట్ తీగ లాగేసి, వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

జవాబు రాకపోతే ఒక రోజు ఆగి, అదే చర్చలో కొత్త సమాచారం ఏదైనా చేర్చండి. "ఎవరైనా ఉన్నారా" అని రాయడం కంటే, "ఈ రోజు క్యాబినెట్ పక్క మూత తీసి నడిపితే ముప్పై నిమిషాలు నడిచింది" అని రాయడం ఎన్నో రెట్లు మేలు.

మాకు ఆ రాత్రి వచ్చిన జవాబు నాలుగు వాక్యాలు. వేడి లక్షణాలు ఇవి. ప్రాసెసర్ భరించలేనంత వేడెక్కితే తనను కాపాడుకోవడానికి ఉన్నపళంగా ఆగుతుంది. దుమ్ము దులిపినప్పుడు ఫ్యాను కదిలి ఉండవచ్చు. కరెంటు తీసేసి, ఆ ఫ్యానును బోర్డుకు బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నులను ఒక్కొక్కటిగా వేలితో కదిపి చూడండి. టార్చి వెలుతురులో చూస్తే, కుడి వైపు కింది పిన్ను రంధ్రంలోంచి బయటికి వచ్చి, ఫ్యాను కింద ప్రాసెసర్ వేడిని పీల్చే లోహపు దిమ్మ ఒక మూల గోరంత ఎత్తు లేచి ఉంది. ప్రాసెసర్‌కూ ఆ దిమ్మకూ మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేసి, పిన్నును ఎదురు మూలతో జతగా టక్కుమనే దాకా నొక్కాం.

మర్నాడు రోజంతా పని చేయించిన తర్వాత మా తోడల్లుడు అదే చర్చలో ముగింపు సందేశం రాశారు: ఏ పిన్ను ఊడిందో, ఫొటోతో సహా, ఏం చేశారో, ఎన్ని గంటలు ఆగకుండా నడిచిందో, మదర్‌బోర్డు మార్చనవసరం లేకపోయిందని. జవాబు పక్కనున్న అంగీకార గుర్తు నొక్కి, శీర్షికలో "ఫ్యాను పిన్ను ఊడడం" అన్న మాటలు చేర్చారు. రేపు ఇదే లక్షణంతో వెతికేవారికి అది కనిపించాలి గనుక.